జీవిత చరిత్రలకి విషయ శీర్షికలు: పేరు ఒక్కటే ఇస్తే ఎందుకు చాలదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు కొత్తగా లైబ్రరీలో కేటలాగింగ్ పనిలో చేరారు. మీ చేతికి ఒక బీరువా నిండా జీవిత చరిత్రలు, ఆత్మకథలు వచ్చాయి. ఒక సీనియర్ "ఎవరి గురించో వాళ్ళ పేరు పెట్టి పక్కన బయోగ్రఫీ అని తగిలించండి, అయిపోతుంది" అన్నారు. ఇంకొకరు "పేరు పక్కన బయోగ్రఫీ అని రాయనే కూడదు" అన్నారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డులు తెరిచి చూస్తే ఒక్కో పుస్తకానికి నాలుగైదు విషయ శీర్షికలు (పుస్తకం దేని గురించో చెప్పే మాటలు) కనిపించి మీకు టెన్షన్ పట్టుకుంది. ఏది సరైనది, ఎన్ని ఇవ్వాలి, ఆత్మకథకీ డైరీకీ పిల్లల పుస్తకానికీ తేడా ఏమిటి అని అడిగారు.

రెండో సీనియర్ చెప్పింది సరైన మాట. కానీ అది సగం మాటే. మిగతా సగం తెలియకుండా దాన్ని పాటిస్తే మొదటాయన చెప్పినదానికన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఎల్‌సీఎస్‌హెచ్ (లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ విషయ శీర్షికల జాబితా) శీర్షికలు ఇంగ్లీషువే కాబట్టి వాటిని పలికినట్టే ఇక్కడ రాస్తాను.

ముందు ఒక అనుభవం చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, క్యాన్సర్ నుంచి బయటపడిన ఒక ఆవిడ రాసుకున్న ఆత్మకథ నా దగ్గరికి వచ్చింది. ఆవిడ ప్రసిద్ధురాలు కారు. నేను ఆవిడ పేరు విషయ శీర్షికగా ఇచ్చి పుస్తకాన్ని అరలోకి పంపేశాను. చాలా నెలల తర్వాత ఒక పాఠకుడు వచ్చాడు. భార్యకి అదే జబ్బు అని అప్పుడే తెలిసిందట. "ఇది దాటినవాళ్ళు రాసిన పుస్తకం ఏదైనా ఉందా?" అని అడిగాడు. కేటలాగ్‌లో ఎన్ని రకాలుగా వెతికినా వైద్య గ్రంథాలే వచ్చాయి తప్ప ఆ పుస్తకం రాలేదు. దాని సంగతి నాకే గుర్తు రాలేదు. అతను వెళ్ళిపోయిన కొన్ని వారాలకి, అరలు సర్దుతుంటే అది చేతికి తగిలింది. మన దగ్గరే ఉంది, అతనికి అందలేదు. ఆ రికార్డులో "క్యాన్సర్—పేషెంట్స్—బయోగ్రఫీ" అనే ఒక్క శీర్షిక ఉండి ఉంటే అందేది. జీవిత చరిత్ర చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు ఆయన ముఖమే గుర్తొస్తుంది.

జీవిత చరిత్ర కోసం రెండు రకాల పాఠకులు వస్తారు. ఒకరు పేరు తెలిసి వస్తారు: "మేరీ క్యూరీ మీద ఏముంది?" అంటారు. ఇంకొకరు పేరు తెలియకుండా వస్తారు: "సైన్సులో పనిచేసిన ఆడవాళ్ళ జీవితాలు కావాలి", "నర్సుల కథలు ఉన్నాయా?", "యుద్ధంలో చిక్కుకున్న పిల్లల గురించి చదవాలి" అంటారు. పేరు శీర్షిక మొదటివాళ్ళకి దారి. రెండోవాళ్ళకి దారి వేసేది వర్గ శీర్షిక, అంటే ఆ మనిషి ఏ వృత్తికి, ఏ సమూహానికి చెందినవారో చెప్పే శీర్షిక. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలంటుంది, మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలంటుంది. జీవిత చరిత్రల దగ్గర మూడో సూత్రం నెరవేరాలంటే వర్గ శీర్షిక ఉండి తీరాలి.

ఇక్కడ మీకొక అనుమానం రావచ్చు. అమెరికన్ గ్రంథాలయాధికారి కటర్ 1876లో కేటలాగ్ నియమాలు రాసినప్పటి నుంచీ మనం నేర్చుకున్నది, పుస్తకానికి సరిగ్గా సరిపోయే అత్యంత నిర్దిష్టమైన శీర్షికే ఇవ్వాలని, దాంతోపాటు దాన్ని కలుపుకునే పెద్ద శీర్షిక ఇవ్వకూడదని. పిల్లుల పుస్తకానికి పిల్లులు అని ఇస్తే జంతువులు అని మళ్ళీ ఇవ్వం. ఆ లెక్కన మేరీ క్యూరీ పుస్తకానికి ఆవిడ పేరే అత్యంత నిర్దిష్టం కదా, అక్కడితో ఆపేయాలి కదా? మామూలుగా అయితే అంతే. కానీ పిల్లులు, జంతువుల మధ్య కేటలాగ్‌లో ఒక సంబంధం రాసి ఉంటుంది. ఒకటి చూసినవాళ్ళు ఇంకోదానికి వెళ్ళగలరు. మేరీ క్యూరీ పేరుకీ రసాయన శాస్త్రవేత్తలు అనే శీర్షికకీ మధ్య అలాంటి వంతెన ఉండదు. వేలాది వ్యక్తుల పేర్లని వాళ్ళ వాళ్ళ వృత్తులకి ముడివేసి పెట్టడం అథారిటీ ఫైల్‌లో (పేర్లకీ శీర్షికలకీ స్థిరపడిన రూపాలు ఉంచే జాబితాలో) సాధ్యమయ్యే పని కాదు. అందుకే జీవిత చరిత్రల విషయంలో తెలిసి తెలిసీ నియమాన్ని సడలించి, రెండూ ఇమ్మన్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ సబ్జెక్ట్ హెడింగ్స్ మాన్యువల్‌లో హెచ్ 1330 అనే పత్రం మొత్తం దీని గురించే. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టుకోండి.

ఇప్పుడు బయోగ్రఫీ అనే మాట ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు అన్నది చూద్దాం. వ్యక్తి పేరు పక్కన రాయరు, వర్గం పక్కన రాస్తారు. కారణం తేలికైనదే. "క్యూరీ, మేరీ, 1867-1934" అని విషయ శీర్షికగా ఇచ్చామంటేనే ఆ పుస్తకం ఆవిడ గురించి, అంటే ఆవిడ జీవితం గురించి అని అర్థం. మళ్ళీ బయోగ్రఫీ అనడం చెప్పిందే చెప్పడం. అదే "కెమిస్ట్స్—పోలండ్" అని మాత్రమే ఇస్తే, అది పోలండ్‌లో రసాయన శాస్త్రవేత్తల ఉద్యోగాలు, శిక్షణ, జీతభత్యాల మీద పుస్తకమని అర్థం వస్తుంది. అక్కడ బయోగ్రఫీ చేర్చాకే జీవిత చరిత్ర అవుతుంది. పాత రికార్డుల్లో కవులు, నవలాకారుల పేర్ల పక్కన బయోగ్రఫీ అని మీకు కనిపించి ఉంటుంది. ఒకప్పుడు సాహిత్యకారులకి అలా ఇచ్చేవాళ్ళు, తర్వాత మానేశారు. మీ మొదటి సీనియర్‌కి ఆ అలవాటు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది, ఆయన్ని తప్పు పట్టకండి.

మేరీ క్యూరీనే పూర్తి ఉదాహరణగా తీసుకుందాం. ఆవిడ మీద పెద్దలకి రాసిన ఒక సంపూర్ణ జీవిత చరిత్ర మీ ముందు ఉందనుకోండి. నేనైతే ఇలా ఇస్తాను:

క్యూరీ, మేరీ, 1867-1934
విమెన్ కెమిస్ట్స్—పోలండ్—బయోగ్రఫీ
విమెన్ కెమిస్ట్స్—ఫ్రాన్స్—బయోగ్రఫీ
కెమిస్ట్స్—ఫ్రాన్స్—బయోగ్రఫీ
విమెన్ ఫిజిసిస్ట్స్—ఫ్రాన్స్—బయోగ్రఫీ

మార్క్ అంటే కేటలాగ్ రికార్డుని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసే పద్ధతి. అందులో మొదటిది 600 ట్యాగ్ (విషయంగా వ్యక్తి పేరు), మిగతావి 650 (విషయంగా అంశం). పేరులో తేదీలు సబ్‌ఫీల్డ్ (ట్యాగ్ లోపలి చిన్న గడి) డి లోకి, దేశం జెడ్ లోకి, బయోగ్రఫీ వి లోకి వెళ్తాయి.

ఇందులో ప్రతిదానికీ ఒక ఆలోచన ఉంది. ఆవిడ పుట్టింది వార్సాలో, పని చేసింది పారిస్‌లో. రెండు దేశాలూ ఆవిడని తమ మనిషే అంటాయి. జీవిత చరిత్రలో రెండింటికీ చోటు ఉంటే రెండూ ఇవ్వడం న్యాయం. ఆవిడకి 1903లో భౌతిక శాస్త్రంలో, 1911లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. కాబట్టి ఒక వర్గానికే కట్టేయలేం. స్త్రీల వర్గ శీర్షిక ఇచ్చాక మళ్ళీ మామూలు వర్గ శీర్షిక కూడా ఎందుకంటే, స్త్రీ శాస్త్రవేత్త కూడా శాస్త్రవేత్తే కాబట్టి. రసాయన శాస్త్రవేత్తల జీవితాలు వెతికే పాఠకుడికి మగవాళ్ళ పుస్తకాలు మాత్రమే కనిపించి మేరీ క్యూరీ కనిపించకపోతే, ఆ తప్పు కేటలాగ్‌ది అవుతుంది. ఈ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. శీర్షికల సంఖ్య పెరుగుతుందనిపిస్తే దేశాల్లో ఒకటి తగ్గిస్తాను కానీ దీన్ని మాత్రం వదలను.

సంఖ్య గురించి కూడా అడిగారు. మాన్యువల్‌లోని హెచ్ 180 ప్రకారం మామూలుగా ఆరు దాటనవసరం లేదు, ఎంత అవసరమైనా పది దాటకూడదు. పుస్తకంలో ఒక అంశానికి కనీసం 20 శాతం భాగం ఉంటేనే దానికి శీర్షిక ఇవ్వమని అదే పత్రం చెబుతుంది. నా అనుభవంలో చాలా జీవిత చరిత్రలకి మూడు, నాలుగు చాలు. ఒక మనిషి తన జీవితంలో చేసిన ప్రతి పనికీ ఒక వర్గం ఇవ్వాలని కొత్తవాళ్ళకి అనిపిస్తుంది. కాలేజీలో రెండేళ్ళు పాఠం చెప్పారని అధ్యాపకుడి శీర్షిక, ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డారని రాజకీయ నాయకుడి శీర్షిక ఇస్తూ పోతే, ఆ వర్గాల్లో నిజంగా వెతికేవాళ్ళకి చెత్త పెరుగుతుంది. ఆ మనిషి దేనివల్ల గుర్తుండిపోయారు, పుస్తకం దేని మీద నిలబడింది, ఈ రెండూ చూసుకోండి.

వర్గం ఎంచుకునేటప్పుడు ఇంకో పొరపాటు తరచూ చూస్తాను. "ఫిజిక్స్—బయోగ్రఫీ" అని ఇస్తారు. శాస్త్రానికి జీవిత చరిత్ర ఉండదు, శాస్త్రవేత్తలకి ఉంటుంది. "ఫిజిసిస్ట్స్—బయోగ్రఫీ" అని మనుషుల వర్గాన్నే ఇవ్వాలి. ఆ రంగంలో పనిచేసేవాళ్ళకి విడిగా శీర్షిక లేనప్పుడు మాత్రమే రంగం పేరు పక్కన బయోగ్రఫీ పెట్టాలి. రచయితల దగ్గర నిర్మాణం కాస్త వేరుగా ఉంటుంది: భాష లేదా జాతి శీర్షికలోనే చేరుతుంది, ఆ తర్వాత శతాబ్దం వస్తుంది. "ఆథర్స్, తెలుగు—20త్ సెంచురీ—బయోగ్రఫీ", "నావెలిస్ట్స్, ఇంగ్లిష్—19త్ సెంచురీ—బయోగ్రఫీ" ఇలా. డికెన్స్ జీవిత చరిత్రకి ఈ రెండోది కచ్చితంగా సరిపోతుంది.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. నిజానికి ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, తప్పులు జరిగేదీ ఇక్కడే. పుస్తకం అట్ట మీద ఉన్న పేరుని ఉన్నది ఉన్నట్టు 600లో టైపు చేయకూడదు. అథారిటీ ఫైల్‌లో స్థిరపడిన రూపం వెతికి అదే వాడాలి. ఉదాహరణకి గాంధీ మీద పుస్తకాలు మోహన్‌దాస్ అని, ఎం.కె. గాంధీ అని, బాపు అని రకరకాల పేర్లతో వస్తాయి. స్థిరపడిన రూపం "గాంధీ, మహాత్మా, 1869-1948". రామానుజన్‌ది చూస్తే మీరు ఆశ్చర్యపోతారు: "రామానుజన్ అయ్యంగార్, శ్రీనివాస, 1887-1920". ఎస్. రామానుజన్ అని వెతికి, దొరకలేదనుకుని కొత్త పేరు తయారు చేసినవాళ్ళని నేను చూశాను. అలా చేస్తే ఒకే మనిషి పుస్తకాలు రెండు చోట్ల చీలిపోతాయి, ఏ చోట వెతికినా సగమే దొరుకుతాయి.

మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరుని తెలుగు పద్ధతిలో సర్వేపల్లి కింద వెతుకుతాం. ఆయన పుస్తకాలు ఎస్. రాధాకృష్ణన్ పేరుతో వచ్చాయి కాబట్టి స్థిరపడిన రూపం "రాధాకృష్ణన్, ఎస్. (సర్వేపల్లి), 1888-1975" అయింది. బ్రాకెట్లలో ఉన్నది మార్క్‌లో సబ్‌ఫీల్డ్ క్యూ. ఇంటిపేరు, పొడి అక్షరాలు, కులం పేరు, కలంపేరు, తెలుగు లిపిలో రాసిన రూపం, ఇవన్నీ అథారిటీ రికార్డులో 400 ట్యాగుల్లో ఉంటే పాఠకుడు ఎలా టైపు చేసినా సరైన చోటికి చేరతాడు. మీ దగ్గర స్థానిక అథారిటీ ఫైల్ ఉంటే ఈ 400లు రాయడానికి బద్ధకించకండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ పేర్లూ శీర్షికలూ వెతికే ఐడీ సైటూ, వయాఫ్ అనే అంతర్జాతీయ పేర్ల ఫైలూ రెండూ ఉచితమే. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు పుట్టిన సంవత్సరం సరిచూడకుండా ఏదో ఒకటి తీసుకోవద్దు. ఒక డాక్టరు గారి జీవితం ఒక గాయకుడి పేరు కిందకి చేరితే ఇద్దరి కుటుంబాలకీ బాధే.

పేరు కింద ఇచ్చే ఉపశీర్షికలు హెచ్ 1110లో ఉన్నాయి. బయోగ్రఫీ అని రాయకూడదన్నాను కానీ, పుస్తకం జీవితంలో ఒక ముక్క గురించే అయితే ఆ ముక్కని చెప్పే ఉపశీర్షిక తప్పకుండా ఇవ్వాలి. బాల్యం మీద అయితే "చైల్డ్‌హుడ్ అండ్ యూత్", చివరి సంవత్సరాలైతే "లాస్ట్ ఇయర్స్", ఆరోగ్యం మీద అయితే "హెల్త్", జైలు జీవితమైతే "ఇంప్రిజన్‌మెంట్", స్నేహితులూ సహచరులూ అయితే "ఫ్రెండ్స్ అండ్ అసోసియేట్స్". లింకన్, గాంధీ లాంటివాళ్ళకి "అసాసినేషన్" అనే ఉపశీర్షిక కింద ఒక చిన్న లైబ్రరీయే ఉంటుంది. ఒక రచయిత భావాల మీద ఉంటే "పొలిటికల్ అండ్ సోషల్ వ్యూస్", "రెలిజియన్" లాంటివి ఉన్నాయి. ఇవి ఇచ్చేటప్పుడు ఒకటి గమనించండి. పుస్తకం పూర్తి జీవితాన్ని చెబుతూ బాల్యానికి రెండు అధ్యాయాలు కేటాయిస్తే, ఉపశీర్షిక లేకుండా పేరు ఒక్కటే చాలు. ప్రతి జీవిత చరిత్రలోనూ బాల్యం ఉంటుంది కదా.

ముక్క చరిత్రలకి ఫ్లారెన్స్ నైటింగేల్ మంచి ఉదాహరణ. ఆవిడ క్రిమియా యుద్ధంలో గడిపిన కాలం మీదే రాసిన పుస్తకం వచ్చిందనుకోండి. "నైటింగేల్, ఫ్లారెన్స్, 1820-1910" ఇస్తాం, "నర్సెస్—ఇంగ్లండ్—బయోగ్రఫీ" ఇస్తాం. దాంతో ఆపితే యుద్ధం మీద చదివేవాళ్ళకి అది అందదు. "క్రిమియన్ వార్, 1853-1856—మెడికల్ కేర్" కూడా ఇవ్వాలి. జీవిత చరిత్ర అన్నంత మాత్రాన అది మనుషుల శీర్షికలకే పరిమితం కానక్కర లేదు. ఆ మనిషి చుట్టూ జరిగిన సంఘటన, పనిచేసిన సంస్థ, బతికిన ఊరు పుస్తకంలో పెద్ద భాగమైతే వాటికీ శీర్షిక దక్కాలి. పక్కమాటగా, ఇంగ్లండ్ అని నేరుగా ఇచ్చాను, గ్రేట్ బ్రిటన్ తర్వాత ఇంగ్లండ్ అని కాదు. బ్రిటన్, అమెరికా, కెనడాల్లో భాగాలు నేరుగా వస్తాయి. మిగతా దేశాల్లో దేశం ముందు, ఊరు తర్వాత.

రాజకీయ నాయకుల జీవిత చరిత్రల్లో ఈ సూత్రం ఇంకా ముఖ్యం. ఒక ప్రధానమంత్రి జీవితం చెప్పడమంటే ఆ దేశపు ఆ కాలం చరిత్ర చెప్పడమే. స్వాతంత్ర్య ఉద్యమ నాయకుడి జీవిత చరిత్రకి పేరు, "నేషనలిస్ట్స్—ఇండియా—బయోగ్రఫీ", వీటితోపాటు "ఇండియా—పాలిటిక్స్ అండ్ గవర్నమెంట్—1919-1947" లాంటిది కూడా ఇస్తాను. చరిత్ర విద్యార్థి వెతికేది ఆ శీర్షిక కిందే.

రచయితలూ కళాకారుల దగ్గర వేరే చిక్కు వస్తుంది. టాగూర్ మీద ఒక పుస్తకం వచ్చింది, అందులో సగం ఆయన జీవితం, సగం కవితల విశ్లేషణ. అప్పుడు ఆయన పేరు రెండుసార్లు ఇస్తాను. ఒకసారి ఒట్టి పేరు, ఇంకోసారి పేరు పక్కన "క్రిటిసిజమ్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్". పుస్తకం మొత్తం విశ్లేషణే అయితే రెండోది మాత్రమే ఇస్తాను, వర్గం పక్కన బయోగ్రఫీ అసలు ఇవ్వను. విమర్శ గ్రంథాన్ని జీవిత చరిత్ర అనుకుని తీసుకెళ్ళిన పాఠకుడు మొదటి పది పేజీల్లోనే మూసేస్తాడు. ఈ రెండింటినీ విడదీయాలంటే అట్ట వెనక మాటలు చాలవు, విషయ సూచిక చూడాలి, మధ్యలో నాలుగు పేజీలు చదవాలి.

ఆత్మకథలకి నియమం మీరు అనుకున్నదానికన్నా తేలిక. రచయితే విషయం కాబట్టి ఒకే పేరు రచయిత పేరుకి ఉండే 100లోనూ, విషయానికి ఉండే 600లోనూ వస్తుంది. 100లో ఉంది కదా అని 600 వదిలేయడం చాలామంది చేసే తప్పు. విషయంగా వెతికేవాళ్ళకి అప్పుడు ఆత్మకథ తప్ప అందరూ రాసినవన్నీ కనిపిస్తాయి. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది? వర్గ శీర్షిక పక్కన ఇక్కడ కూడా బయోగ్రఫీ అనే మాటే వాడతారు. ఆటోబయోగ్రఫీ అనే మాటకి వేరే పని ఉంది: ఆత్మకథ అనే ప్రక్రియ గురించి రాసిన పుస్తకానికి అది శీర్షిక. హెలెన్ కెల్లర్ 1903లో ప్రచురించిన ఆత్మకథనే చూడండి. ఆవిడ పేరుతోపాటు, చూపూ వినికిడీ లేనివాళ్ళ వర్గం ఇవ్వాలి. ఆవిడ గురువు ఆన్ సలివన్‌కి పుస్తకంలో ఎంత చోటు ఉందో చూసి ఆ పేరు కూడా 600లో ఇవ్వాలా అని ఆలోచించాలి. నేనైతే ఇస్తాను.

డైరీలు, ఉత్తరాలు అయితే పేరు పక్కన "డైరీస్", "కరెస్పాండెన్స్" వస్తాయి. వర్గం పక్కన కూడా బయోగ్రఫీకి బదులు అవే పెట్టాలి. ఆన్ ఫ్రాంక్ డైరీ దీనికి బాగా పనికొస్తుంది. "ఫ్రాంక్, ఆన్, 1929-1945—డైరీస్" అన్నది మొదటి శీర్షిక. 1942 జూన్ నుంచి 1944 ఆగస్టు దాకా ఆ పిల్ల రాసుకున్నది ఒక్కరి జీవితం మాత్రమే కాదు, నాజీలు జరిపిన యూదుల మారణహోమం అనే మహా ఘోరానికి సాక్ష్యం. అలా ఒక యుద్ధాన్నో విపత్తునో అనుభవించినవాళ్ళు స్వయంగా చెప్పినవాటికి ఆ సంఘటన పేరు పక్కన "పర్సనల్ నెరేటివ్స్" అనే ఉపశీర్షిక ఉంది. కాబట్టి "హోలోకాస్ట్, జ్యూయిష్ (1939-1945)—నెదర్లాండ్స్—ఆమ్‌స్టర్‌డామ్—పర్సనల్ నెరేటివ్స్" కూడా ఇవ్వాలి. యుద్ధాలు, భూకంపాలు, మహమ్మారులు దాటినవాళ్ళ జ్ఞాపకాలు మీ బీరువాలో ఉంటే ఈ ఉపశీర్షికని మర్చిపోకండి.

పిల్లల కోసం రాసిన జీవిత చరిత్ర అయితే ప్రతి శీర్షిక చివరా "జువెనైల్ లిటరేచర్" చేరుతుంది, పేరు పక్కనా, వర్గంలో బయోగ్రఫీ తర్వాతా. నవలగా రాసిన జీవితమైతే పేరు పక్కన "ఫిక్షన్" వస్తుంది. నవలకి బయోగ్రఫీ అని ఎప్పుడూ ఇవ్వకండి, ఊహని నిజమని చెప్పినట్టవుతుంది.

ఒకే పుస్తకంలో చాలామంది ఉంటే: ముగ్గురి దాకా అందరి పేర్లూ ఇవ్వాలి. రైట్ సోదరుల పుస్తకానికి విల్బర్, ఆర్విల్ ఇద్దరి పేర్లూ విడివిడిగా 600లో వస్తాయి. నలుగురు, అంతకన్నా ఎక్కువైతే అది సంకలన జీవిత చరిత్ర, అందరికీ ఉమ్మడిగా ఉన్న వర్గం పక్కన బయోగ్రఫీ ఇస్తే చాలు. అకారాది క్రమంలో ఉంటే ఆ తర్వాత "డిక్షనరీస్" కూడా చేరుతుంది. ఉమ్మడి వర్గం ఏదీ లేక, ఒక ఊరివాళ్ళు కావడం ఒక్కటే వాళ్ళని కలిపితే ఆ ఊరి పేరు పక్కన బయోగ్రఫీ పెడతారు. పేరున్న వృత్తి ఏదీ లేని మామూలు మనిషి జ్ఞాపకాలకి కూడా ఇదే దారి.

ఇంతవరకు నియమాలే కాబట్టి తొందరగా చెప్పాను. ఒక్కచోట మాత్రం నిదానించాలి. కులం, మతం, వైకల్యం, లైంగికత లాంటి గుర్తింపుల శీర్షికలు ఎప్పుడు ఇవ్వాలి? ఆ మనిషి ఫలానా సమూహానికి చెందినవారని మనకి తెలిసినంత మాత్రాన ఇవ్వకూడదని నా నిశ్చితాభిప్రాయం. పుస్తకం ఆ గుర్తింపు గురించి మాట్లాడాలి, ఆ జీవితాన్ని అది ఎలా మలిచిందో చెప్పాలి. అప్పుడు ఇవ్వకపోతే ఆ సమూహం గురించి వెతికేవాళ్ళని మోసం చేసినట్టు. పుస్తకంలో ఎక్కడా లేకుండా ఇస్తే ఒక మనిషి మీద మనం ముద్ర వేసినట్టు. ఒక సంగీతకారుడి పుస్తకం అంతా రాగాల గురించే ఉంటే ఆయన సంగీతకారుడు, అంతే. బతికున్నవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త. కేటలాగ్ రికార్డు ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి కాపీ అవుతూ పోతుంది, మనం రాసిన ఒక ముక్కని వెనక్కి తీసుకోవడం మన చేతుల్లో ఉండదు.

ఇక 655 ట్యాగ్ సంగతి. అది పుస్తకం దేని గురించో చెప్పదు, పుస్తకం ఏమిటో చెబుతుంది. ఎల్‌సీజీఎఫ్‌టీ అనే, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ ప్రక్రియల పేర్ల జాబితాలో "బయోగ్రఫీస్", "ఆటోబయోగ్రఫీస్", "డైరీస్", "పర్సనల్ కరెస్పాండెన్స్", "బయోగ్రఫికల్ ఫిక్షన్" ఉన్నాయి. సరిపోయేది ఒకటి ఇవ్వండి, రెండో ఇండికేటర్ (ట్యాగ్ పక్కన వచ్చే రెండో అంకె) 7 పెట్టి సబ్‌ఫీల్డ్ 2లో జాబితా కోడ్ రాయండి. మీ మొదటి సీనియర్‌కి పేరు పక్కన ఎలాగైనా జీవిత చరిత్ర అని కనిపించాలని ఉంటే, ఆ కోరిక తీరే చోటు ఇదే. ఆయనకి ఈ మాట చెప్పి చూడండి, ఒప్పుకుంటారు.

పుస్తకానికి అర నంబరు ఇచ్చే వర్గీకరణలో వేరే పద్ధతి ఉండొచ్చు, దానితో కలగలపకండి. డ్యూయీ దశాంశ వర్గీకరణలో కొన్ని లైబ్రరీలు జీవిత చరిత్రలన్నీ 920 దగ్గర ఒకచోట పెడతాయి, కొన్ని విషయంతోపాటు పెట్టి 092 చేరుస్తాయి, భౌతిక శాస్త్రవేత్తకి 530.092 అన్నట్టు. పుస్తకం అరలో ఒక్కచోటే ఉండగలదు, శీర్షికలు మాత్రం దాన్ని నాలుగు చోట్ల ఉంచగలవు. మీ అరలు 920 పద్ధతిలో ఉంటే వర్గ శీర్షికల అవసరం రెట్టింపు అవుతుంది. అక్కడ నర్సూ, గాయకుడూ, రాజూ పక్కపక్కనే అకారాది క్రమంలో నిలబడతారు, అర చూసి ఎవరు ఏమిటో తెలియదు.

మీ బీరువాకి ఇలా మొదలుపెట్టండి. ముందు పుస్తకాల్ని ఆత్మకథలు, ఇతరులు రాసినవి, సంకలనాలు అని మూడు దొంతర్లుగా విడదీయండి. ఒక్కో దొంతరకి పేర్ల అథారిటీ పని అంతా ఒకేసారి చేయండి, ఆ తర్వాతే వర్గాల దగ్గరికి రండి. ప్రతి పుస్తకం దగ్గరా "ఈ మనిషి పేరు వినని పాఠకుడు ఏమని అడుగుతూ వస్తాడు?" అని ఒక నిమిషం ఆలోచించి ఆ మాట కాగితం మీద తెలుగులో రాసుకోండి. దానికి సరిపోయే శీర్షిక జాబితాలో వెతకండి. ఇదంతా అయ్యాక, మీ కేటలాగ్‌లో 600 ట్యాగ్ చివర బయోగ్రఫీ అని ఉన్న పాత రికార్డుల జాబితా తీయించండి. వాటిలో ఆ ముక్క తొలగించడం నిమిషం పని, సాఫ్ట్‌వేర్ ఒకేసారి చేసి పెడుతుంది. కానీ 650 అసలే లేని రికార్డుల జాబితా విడిగా తీసి, వాటిని మాత్రం పుస్తకం చేతిలో పట్టుకుని ఒక్కొక్కటిగా చూడండి. రోజుకి అయిదు చేసినా చాలు. ఎక్కడైనా వర్గం తేలకపోతే పుస్తకం విషయ సూచిక, ముందుమాటలోని ఒక పేరా ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.